నా డిప్లొమా, మా అమ్మాయి రెండేళ్లు

కెనడాలోని మార్కమ్‌లో మా ఇంటికి దగ్గర్లో ఒక కర్రీ పాయింట్ ఉంది. శనివారం పొద్దున్నే వెళ్లి పప్పు, పులుసు, రెండు రకాల వేపుళ్లు వారానికి సరిపడా కొనుక్కొస్తాను. వంట రాక కాదు, బద్ధకం. ఉద్యోగం చేసే ఆడది బద్ధకమని ఒప్పుకోకూడదట, "టైమ్ ఉండదండీ" అనాలట. నేను ఒప్పుకుంటాను. నాకు ఒప్పుకోవడం చేతకానివి వేరే ఉన్నాయి.

కౌంటర్ దగ్గర ఉండే అమ్మాయిది కరీంనగర్. ముప్పై దాటి ఉంటాయి. డిగ్రీలో కంప్యూటర్స్ చదివింది. ఆ తర్వాత పెళ్లి, బాబు, కెనడా ఒకదాని వెనక ఒకటి వచ్చేసరికి చదివింది కాస్తా మూలపడింది. భర్త ట్రక్కు నడుపుతాడు, వెళ్తే వారం దాకా ఇంటికి రాడు. బాబుకు మూడేళ్లు. నన్ను అక్కా అంటుంది, నా పప్పు డబ్బాలో ఒక గరిటె ఎక్కువ వేస్తుంది.

ఈ వేసవి మొదట్లో ఒక శనివారం ఆ గరిటె చేత్తో పట్టుకునే అడిగింది.

"అక్కా, మీరు కాలేజ్‌ల ప్రోగ్రామింగ్ చేసిన్రట గదా. నేను గూడ చేద్దామనుకుంటున్న. ఏమంటరు?"

ఈ ప్రశ్నకు నా దగ్గర ఒక ఉపన్యాసం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నెల్లూరులో జూనియర్ కాలేజీ పిల్లలకు బోటనీ చెప్పినదాన్ని, ఇక్కడికొచ్చి సూపర్‌మార్కెట్ బేకరీలో రొట్టెలు సంచుల్లో వేసినదాన్ని, ముప్పై ఏడో ఏట కమ్యూనిటీ కాలేజీలో చేరి ప్రోగ్రామింగ్ డిప్లొమా చేసి ఇన్సూరెన్స్ కంపెనీలో కుర్చీ సంపాదించినదాన్ని. అందుకని మన తెలుగువాళ్ల సమావేశాల్లో నన్ను చూపించి "చూడండి, ఆవిడ చేయలేదా" అంటూ ఉంటారు. కొత్తగా వచ్చిన ఆడవాళ్లు నన్ను పక్కకు పిలిచి అడుగుతారు. నేను మళ్లీ లెక్చరర్‌నైపోతాను.

చెప్పాను. ఇక్కడ స్థిరంగా ఉండిపోయే పీఆర్ హక్కు ఉంది కాబట్టి బయటి దేశం పిల్లలు కట్టే ఫీజులో నీది చిన్న భాగమే. యూనివర్సిటీ అయితే నాలుగేళ్లు, ఇది రెండేళ్లు. మధ్యలో కో-ఆప్ అని ఒక కంపెనీలో జీతమిచ్చి పని చేయిస్తారు, అది దొరికితే సగం గట్టెక్కినట్టే. కాలేజీ ఉద్యోగం ఇవ్వదు, నువ్వే వెతుక్కోవాలి. నేను బయటికొచ్చినప్పుడు ఉన్నంత తేలిక ఇప్పుడు లేదు. కొత్తవాళ్లకు ఇచ్చే చిన్న పనులు ఇప్పుడు ఏఐతో కానిచ్చేస్తున్నారు. అయినా ఓపిగ్గా నిలబడితే పెట్టిన డబ్బు మూడు నాలుగేళ్లలో వెనక్కి వస్తుంది. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆమె శ్రద్ధగా విన్నది. తర్వాత పప్పు డబ్బా మూత నొక్కుతూ అసలు సంగతి అడిగింది.

"బాబు ఉండే డేకేర్ నా క్లాసులు అయ్యేలోపే మూస్తరు, అందుకే వాణ్ని మా అమ్మ దగ్గరికి పంపుదామనుకుంటున్నం అక్కా. రెండేండ్లే గదా. మీరు గూడ పాపను పంపే చదువుకున్నరని మనోళ్లు చెప్పిన్రు. పాప మంచిగనే ఉన్నదా? ఏం ఫరక్ పడలేదు గదా?"

నా వెనక ఇద్దరు మనుషులు లైన్లో ఉన్నారు. వాళ్లు లేకపోయినా అదే చెప్పేదాన్నేమో.

"బంగారంలా ఉంది. పిల్లలకేముంది, రెండు నెలల్లో మామూలైపోతారు," అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. గోంగూర పచ్చడి చిన్న డబ్బా ఒకటి ఊరికే నా సంచిలో పెట్టింది. దాన్ని ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో వెనక్కి తోశాను. ఆ వారమంతా మూత తీయబుద్ధి కాలేదు.

మా అమ్మాయిని పంపినప్పుడు దానికీ మూడేళ్లే. అప్పుడు మేము అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మా ఆయన గోడౌన్‌లో షిఫ్టులు చేసేవారు, ఏ వారం పగలో ఏ వారం రాత్రో ఆయనకే తెలిసేది కాదు. కాలేజీలో సీటు వచ్చింది. డేకేర్‌లో పేరు రాయించాం కానీ మా వంతు ఎప్పటికి వస్తుందో చెప్పలేమన్నారు. మా ఫ్లోర్‌లోనే జాఫ్నా నుంచి వచ్చిన ఒక తమిళ ఆంటీ ఉండేది. ముగ్గురు పిల్లల్ని పెంచి పెద్దచేసింది, మరో ఇద్దరు ఇరుగుపొరుగు పిల్లల్ని ఇంట్లోనే చూసుకునేది. లిఫ్టు దగ్గర ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "నీ పాపను నా దగ్గర వదులు. పొద్దున దించు, సాయంత్రం తీసుకుపో. తర్వాత చూసుకుందాం డబ్బు సంగతి," అంది. తన అరవంలో, నాకు అర్థమయ్యేంత ఇంగ్లీషులో.

ఈ మాట ఫోన్లో చెప్తే మా అమ్మ మండిపడింది.

"పరాయోళ్ల దగ్గర పెడతావా బిడ్డని? నేనేమన్నా చచ్చిపోయానా? తీసుకొచ్చి నా దగ్గర దించిపో. నువ్వు చదువుకో, మేం చూసుకుంటాం."

మనవాళ్లలో ఎవరిని అడిగినా అదే మాట. "మేమూ పంపాం", "మా చెల్లెలూ పంపింది", "అమ్మమ్మ దగ్గరైతే నిశ్చింత". మా ఫ్లోర్‌లోనే ఉన్న ఆంటీ తలుపు మాకు దూరమైపోయింది, నెల్లూరు దగ్గరైంది. ఇందులో ఎవరికీ తేడా కనిపించలేదు, నాకూ కనిపించలేదు. పాప ఉన్న ఊళ్లో తల్లి లేకపోవడం మాకు పెద్ద విషయం కాలేదు. పాప మన రక్తం కానివాళ్ల ఇంట్లో పగటిపూట అన్నం తినడం పెద్ద విషయమైంది.

అమ్మ మీద తోసేసి తప్పించుకోవడం సులువే. కానీ ఆ ఆంటీ మాట విన్నప్పుడు నాకు మొదట కలిగింది సంతోషం కాదు, భయం. పాప ఇక్కడే ఉంటే సాయంత్రాలు పాపవే. స్నానం, అన్నం, జలుబు, జ్వరం, ఆదివారం పార్కు, అన్నీ ఉంటాయి. వీటి మధ్యలో పదిహేనేళ్ల తర్వాత పుస్తకం పట్టిన నా బుర్రలోకి ఏదైనా ఎక్కుతుందా అని భయం. అమ్మ కేకలేసినప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఇక నేను ఎంచుకున్నట్టు కాదు కదా, అమ్మ మాట విన్నట్టు కదా.

పాపను దించి వచ్చాను. క్లాసులు మొదలయ్యాయి. పొద్దున క్లాసుకు ముందు కాలేజీ కాఫీ షాపులో కూర్చుని ఫోన్ చేసేదాన్ని, అక్కడ సాయంత్రం. మొదట్లో పాప ఫోన్ పట్టుకుని వదిలేది కాదు. తర్వాత ఎదురింటి పిల్లలు పిలిస్తే పరుగెత్తేది. ఇంకొన్నాళ్లకు మా అమ్మ వెనకాల నుంచి "మాట్లాడమ్మా, అమ్మ పాపం" అని బతిమాలేది. పాప వెళ్లిపోయాక నాకు దిగులేసేది. అయితే ఫోన్ పక్కన పెట్టి లాప్‌టాప్ తెరిచాక అది కాసేపట్లో పోయేది.

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ రెండేళ్లూ నేను సంతోషంగా ఉన్నాను. ఏడుస్తూ చదివానని అందరూ అనుకుంటారు, నేనూ అనుకోనిచ్చాను. ఏడ్చిన రోజులు లేకపోలేదు. కానీ మొదటిసారి నేను రాసిన ప్రోగ్రామ్ తప్పుల్లేకుండా నడిచినప్పుడు ల్యాబ్‌లో కుర్చీలోంచి లేచి గట్టిగా అరిచాను. పక్కనున్న పిల్లలు, నా కంటే పదిహేను, ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు, చప్పట్లు కొట్టారు. ఎక్కడో ఒక చిన్న పొరపాటు దాగి ఉంటుంది, దాన్ని వెతుకుతూ కూర్చుంటే పొద్దు తెలిసేది కాదు. ఆకలి వేసినప్పుడు తినేదాన్ని. ఎవరికీ గోరుముద్దలు పెట్టక్కర్లేదు. ఇంట్లో ఎవరూ నా కొంగు పట్టుకుని లాగరు. అంత స్వేచ్ఛ నాకు పెళ్లికి ముందు కూడా లేదు. మొదటి సంవత్సరం శీతాకాలం సెలవుల్లో నెల్లూరు వెళ్తే పాప మా అమ్మ చీర చాటున దాక్కుంది. దగ్గరికి రావడానికి కొన్ని రోజులు పట్టింది, వచ్చేసరికి నా తిరుగు ప్రయాణం. రెండో ఏడు మళ్లీ వెళ్లాల్సింది. కో-ఆప్ పని దొరికిందని మానుకున్నాను. మానుకోవాల్సి వచ్చిందని అందరికీ చెప్పాను కానీ, ఆ కంపెనీ వాళ్లను పది రోజులు సెలవు అడిగి చూడలేదు.

డిప్లొమా చేతికొచ్చాక వెళ్లి తీసుకొచ్చాను. విమానంలో అమ్మమ్మ కావాలని ఏడ్చింది, చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఒక్కసారిగా ఆపేసి బుద్ధిగా కూర్చుంది. "చూశారా, సర్దుకుపోయింది," అని పక్క సీటాయనతో గొప్పగా చెప్పుకున్నాను.

ఇంటికి రాగానే చెప్పులు విప్పి గుమ్మం పక్కన వరసగా పెట్టింది. సోఫా అంచున కూర్చుంది. నేను పాలు ఇస్తే "థాంక్యూ" అంది. మా అమ్మ దానికి చెప్పి పంపిందట, "అమ్మావాళ్లింట్లో అల్లరి చేయబాకమ్మా, చెప్పిన మాట విను" అని. బిడ్డ విన్నది. ఇప్పుడు పదకొండేళ్లు, ఇప్పటికీ వింటోంది.

మా ఇంట్లో అది ఫ్రిజ్ అడక్కుండా తీయదు. "అమ్మా, ఫ్రిజ్ తియ్యొచ్చా?" అంటుంది. "మనిల్లే కదరా, పర్మిషన్ ఎందుకు," అని వాళ్ల నాన్న నవ్వుతారు. "సరే నాన్నా," అంటుంది, మర్నాడు మళ్లీ అడుగుతుంది. పెట్టింది తింటుంది. ఇది వద్దు, అది కావాలి అనదు. మా అమ్మతో ఫోన్లో మాత్రం గొంతు మారిపోతుంది. "నువ్వు నాకు చెప్పకుండా ఆ మామిడి కొమ్మ ఎందుకు కొట్టేయించావు?" అని అరుస్తుంది, అలుగుతుంది, ఫోన్ పెట్టేస్తుంది. నా మీద ఒక్కసారి కూడా అలగలేదు. నన్ను మీరు అంటుంది.

స్కూల్లో టీచర్లు ఇంత మర్యాద తెలిసిన పిల్లను చూడలేదంటారు. తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లలందరూ ఇంగ్లీషులో బదులు చెప్తుంటే, ఇది అచ్చమైన నెల్లూరు తెలుగులో మాట్లాడుతుంది. "ఎలా నేర్పించారండీ?" అని తల్లులు నన్నడుగుతారు. నేను నవ్వి ఊరుకుంటాను. నా కంపెనీ ఇన్సూరెన్స్‌తో దాని పళ్లకు తీగలు కట్టించినప్పుడు డెంటిస్టు దగ్గర కూడా "థాంక్యూ అమ్మా" అంది. డిప్లొమా వల్ల వచ్చిన లాభాలేమిటని ఎవరైనా అడిగితే ఇల్లు చూపిస్తాను, జీతం చెప్తాను, ఆ పళ్ల తీగలు కూడా చెప్తాను. ఖర్చు దగ్గరికి వచ్చేసరికి ఫీజు చెప్పి ఊరుకుంటాను.

గోంగూర ఇచ్చిన తర్వాతి ఆదివారం ఆ కరీంనగర్ అమ్మాయి బాబును తీసుకుని మా ఇంటికి వచ్చింది. కాలేజీకి అప్లై చేయడం దగ్గరుండి చూపించమంది. మేమిద్దరం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. వచ్చిన కాసేపటికే బాబు నేరుగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి రెండు చేతులతో లాగి తెరిచాడు. జ్యూస్ డబ్బా తీశాడు, సగం నేల మీద పోశాడు, వాళ్లమ్మ కేకలేస్తే నేల మీద పడి పొర్లాడు. మా అమ్మాయి గుడ్డ తెచ్చి తుడిచి, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మా, బాబుకు ఇంకో జ్యూస్ ఇవ్వడానికి ఫ్రిజ్ తియ్యొచ్చా?"

"అబ్బ, ఎంత బుద్ధిమంతురాలక్కా మీ పాప," అంది ఆమె. "మావోడున్నడు, రాక్షసుడు. మా అమ్మ దగ్గర రెండేండ్లుంటే గిట్లనే మంచిగైతడు గావచ్చు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కాదు. పిల్లలిద్దరినీ పెరట్లోకి పంపి తలుపు వేశాను.

"అది బుద్ధి కాదమ్మా. చుట్టాలింట్లో ఉన్నట్టు ఉంటోంది. నా బిడ్డ నా ఇంట్లో ఆరేళ్లుగా చుట్టంలా ఉంటోంది. నేను నీకు మొన్న అబద్ధం చెప్పాను. రెండు నెలల్లో మామూలు కాలేదు. పంపొద్దు."

ఆమె లాప్‌టాప్ మూసేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"మొన్ననేమో బంగారంలెక్క ఉన్నదంటిరి. నేను మా అమ్మకు చెప్పిన, టికెట్ గూడ చూసిన. ఇయ్యాల వద్దంటున్రు. మరి నన్నేం జెయ్యమంటరు? ఎప్పటికీ గా కౌంటర్ కాడ డబ్బాలకు మూతలు పెట్టుకుంటనే ఉండాల్నా? మీకు నౌకరి అచ్చింది, ఇల్లు అచ్చింది. ఇప్పుడు చెప్పుడు అల్కగనే ఉంటది."

ఆమె అన్నది నిజమే. నేను పంపి చదువుకున్నాను, చదువు కలిసొచ్చింది, ఇప్పుడు తీరిగ్గా బాధపడుతున్నాను. ఆ తీరిక కూడా డిప్లొమా ఇచ్చిందే. ఆమెను పంపొద్దు అని ఊరుకుంటే, చదవొద్దు అన్నట్టే.

"నా దగ్గర వదులు," అన్నాను. "వారంలో చాలా రోజులు నేను ఇంటి నుంచే పని చేస్తాను. పొద్దున డేకేర్‌లో వేస్తావు కదా, వాళ్లు మూసేసే వేళకు నేను తీసుకొస్తాను. నీ క్లాసు అయ్యాక వచ్చి తీసుకుపో. ఆఫీసుకు వెళ్లాల్సిన రోజు మా ఆయన తెస్తారు."

"పరాయోళ్లకు ఎందుకక్కా గంత తక్లీఫ్," అంది ఆమె మెల్లగా.

"ఆ మాట మాత్రం నా దగ్గర అనొద్దు," అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది. మెట్ల మీద దిగుతున్న మా ఆయన ఆగిపోయి, "నన్నొకసారి అడిగితే బాగుండేదేమో" అన్నారు. అడిగానుగా ఇప్పుడు, అన్నాను.

సెప్టెంబరులో ఆమె కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టింది. శని, ఆదివారాలు కర్రీ పాయింట్‌లో ఉంటుంది, మిగతా రోజులు చదువు. ఉద్యోగం వస్తుందో రాదో నాకు తెలియదు. నా రోజుల్లో వచ్చినంత సులువుగా రాదని ఆమెకు చెప్పాను. "రానీ, రాకపోనీ, నేర్చుకుంట," అంది. మొదటి వారంలోనే ఒక ప్రోగ్రామ్ నడిచిందట. నాకు ఫోటో తీసి పంపింది. దాన్ని చూసి నవ్వుకున్నాను, వెంటనే సిగ్గేసింది. నేను అరిచిన ఆ ల్యాబ్ గుర్తొచ్చింది.

సాయంత్రాలు మా అమ్మాయీ నేనూ కలిసి డేకేర్‌కు నడిచి వెళ్తున్నాం. ఒకరోజు బాబు దారి మధ్యలో చతికిలబడ్డాడు. ఎత్తుకోమన్నాడు, ఎత్తుకుంటే దించమన్నాడు, దించితే మళ్లీ ఏడ్చాడు. నేను చెమటలు కక్కుకుంటూ వాడిని ఇంటికి మోసుకొచ్చాను. వాడు బూట్లతోనే వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచి జ్యూస్ తీసుకున్నాడు. మా అమ్మాయి గుమ్మం దగ్గర బూట్లు విప్పుతూ ఇదంతా చూస్తోంది. బూట్లు వరసగా పెట్టి లేచింది.

"అమ్మా, ఒకటి అడగొచ్చా?"

"అడుగు."

"వాళ్లమ్మ కాలేజీకి పోతుంది, సాయంత్రం వచ్చి తీసుకుపోతుంది. ఇట్లా కూడా చేయొచ్చు కదా. నా చిన్నప్పుడు మనకు ఇట్లా చూసుకునేవాళ్లు ఎవరూ లేరా?"

అప్పుడు పరిస్థితులు వేరు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. కర్రీ పాయింట్‌లో వచ్చినంత సులువుగా వచ్చింది. లైన్లో వెనక ఎవరూ లేరు.

"ఉన్నారు," అన్నాను. "మన పాత అపార్ట్‌మెంట్‌లో, మన ఫ్లోర్‌లోనే. ఒక ఆంటీ తనంతట తనే అడిగింది. నేనే వద్దన్నాను."

"ఎందుకు?"

"నువ్వు ఇక్కడుంటే నాకు చదువు సాగదని."

"అమ్మమ్మ అడిగిందని చెప్పారు కదా."

"అమ్మమ్మా అడిగింది. కానీ నాకే అలా కావాల్సింది."

అది భుజం మీంచి బ్యాగు తీసింది. సరే అమ్మా అంటుందనుకున్నాను. అనలేదు. దాన్ని నేల మీదికి విసిరింది. అందులోని డబ్బా మూత ఊడి మిగిలిన అన్నం చెదిరింది. మెట్ల మీద దబదబా అడుగులు వినిపించాయి, పైన తలుపు ధడేల్మని మూసుకుంది.

బాబు జ్యూస్ తాగడం ఆపి పైకి చూశాడు. "అక్కకు కోపమొచ్చిందా?" అన్నాడు, ఈ విషయాలు బాగా తెలిసినవాడిలా.

"వచ్చింది నాన్నా," అన్నాను.

అన్నం ఎత్తలేదు. మెట్ల కింద నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాను. ఇప్పుడే దిగి వచ్చి సారీ చెబుతుందేమోనని నాకు భయం. గుడ్డ తీసుకుని వచ్చి, అమ్మా, నేను తుడవొచ్చా అంటుందేమోనని భయం.

రాలేదు.